ఎడమచేతి ముడి

తలకిందులు చేసిన ప్లాస్టిక్ స్టూలు కాళ్ళ చుట్టూ నూలు తిప్పుతోంది నవీన. ఒళ్ళో కండెలున్నాయి. ఒక్కొక్క కండె మీది నూలు విప్పి, స్టూలు కాళ్ళకు చుట్టి, ఖాళీ కండెను పక్కనున్న గంపలో వేస్తోంది. చప్పుడు కాకూడదని గంప అడుగున పాత చీరముక్క పరిచింది.

పొద్దున మామ చుట్టిన కండెలు ఇవి. మధ్యాహ్నం కోడలు విప్పుతోంది.

ఇంటి వెనుక నీళ్ళ ట్యాంకు నీడ ఒక బారెడు మేర పడుతుంది. ఆ నీడలోనే ఈ పని. వంటింటి గడప మీద అనసూర్య ఒళ్ళో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. ఆమె వేళ్ళు తునికాకు మీద వాటంతట అవే నడుస్తున్నాయి. చూపు మాత్రం లోపలి గదిలో పడుకున్న మొగుడి మీద ఉంది.

"జర జల్ది కానియ్ బిడ్డా. ఇయ్యాల మీ మామకు నిద్ర సరిగ పడుతలేదు. అటు ఇటు ఒత్తిగిలుతుండు."

"అయిపోవచ్చింది అత్తమ్మా."

"మల్లన్న వచ్చేయాల్లకు ఈ గంప, ఈ స్టూలు కండ్లకు కనపడొద్దు."

మల్లన్న పేరు వినగానే నవీన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మామలాగే సిరిసిల్ల నేతగాడు. అక్కడి నుంచి ఎవరిదో పెండ్లికని కరీంనగర్ వచ్చాడట. పొద్దున ఫోన్ చేసి, వెంకటన్నను చూడక ఎన్నడైంది, పొద్దుగూకకముందే వచ్చిపోతానన్నాడు. అనసూర్య ఫోన్ పట్టుకొని ఇంటి వెనక్కి వచ్చి, మల్లన్న ఇంట్లోకి వచ్చాక ఏమనాలో, ఏమనకూడదో గుసగుసగా నేర్పింది. నేర్పినంతసేపు చెమట తుడుచుకుంటూనే ఉంది.

నూలు తిప్పుతున్న నవీన వేళ్ళకు జొన్నగింజంత ముడి తగిలింది. తగిలి, జారిపోయింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. ఆమెది బోథ్ దగ్గరి పల్లె. పుట్టింటివాళ్ళు మగ్గం వదిలి పత్తిచేలల్లో పడి చాలా కాలమైంది. చెట్టు మీది పత్తి ఏ పూట ఏరితే బరువు తూగుతుందో ఆమెకు తెలుసు. అదే పత్తి నూలయ్యాక ఆమెకు తెలిసింది తక్కువ. ముడి అంటే ముడే.

*

వానాకాలంలో మామ వెంకటికి పక్షవాతంతో కుడి పక్క పడిపోయింది. కాలు తొందరగానే దారికొచ్చింది. చెయ్యి రాలేదు. భుజం రోజూ కదలకపోతే అక్కడే బిగుసుకుపోతుందని, ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరని డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆసుపత్రి నుంచి ఇంటిదాకా ఆటోలో వాళ్ళతోపాటే వచ్చి, ఇంట్లో ఓ మూల కూర్చుంది.

కసరత్తు నేర్పడానికి వచ్చిన అమ్మాయి మంచిదే. వెంకటి కుడిచేతిని గోడకు ఆనించి, ఒక్కొక్క వేలూ పైకి పాకించమంది.

"వేళ్ళతోని గోడ ఎక్కాలె తాతా."

"నేనేమన్న బల్లినా?" అన్నాడు వెంకటి.

ఆ అమ్మాయి నవ్వింది. ఆయన నవ్వలేదు. పిసకడానికి ఇచ్చిన రబ్బరు బంతి మూడోనాటికి వీధిలో కుక్క నోట్లో కనిపించింది. కొడుకు సాయిచంద్ తలుపు పైన కప్పీ బిగించి, తాడు వేలాడదీసి, ఎడమచేత్తో లాగితే కుడిచెయ్యి లేస్తుంది బాపూ అన్నాడు. మర్నాడు ఆ తాడు మీద వెంకటి తన తువ్వాల ఆరేసుకున్నాడు.

"ఉత్త చెయ్యి ఊపుడు నాతోని కాదు," అన్నాడు చివరికి. "తిన్నది అరగనోళ్ళు ఊపుకుంటరు. నాకు పనియ్యిరి, చేస్త."

అందరూ ఆ మాటను మొండితనమనుకున్నారు. గిన్నెలు తోముతున్న నవీన మాత్రం ఆ మాటను అలాగే దాచుకుంది.

మల్లన్న మరమగ్గాల షెడ్డు మూతపడినప్పుడు మూలనున్న రాట్నం, ఒక సంచి నూలు ఎవరికీ అక్కరకు రాక మిగిలాయని ఆమె విన్నది. అవి కరీంనగర్ వచ్చాయి. మల్లన్న మళ్ళీ చేతిమగ్గం పెట్టాడని, కండెలు చుట్టేవాళ్ళు దొరక్క పరేషాన్ అవుతున్నాడని వెంకటికి చెప్పారు. ఆయన ఆ సాయంత్రమే రాట్నం ముందు కూర్చున్నాడు. ఎడమచేత్తో నూలు అందిస్తూ, కుడిచేత్తో చక్రం తిప్పాలి. మొదట్లో చక్రం పూర్తిగా తిరిగేది కాదు. ఆయన పళ్ళు బిగించేవాడు. కసరత్తుకు బిగించని పళ్ళు కండెకు బిగించాడు.

నిండిన కండెలు వేయడానికి గోడకు మేకు కొట్టి, సంచి తగిలించింది నవీన. కొన్నాళ్ళకోసారి ఆ మేకును కాస్త పైకి జరిపేది. కండె వేయాలంటే చెయ్యి అంత పైకి లేవాల్సిందే.

సంచి నిండితే ఆయన ఎదుటే భుజాన వేసుకొని, సిరిసిల్ల బస్సులో పంపి వస్తానని బయలుదేరేది. వీధి చివర కిరాణాకొట్టు దగ్గర కాసేపు నిలబడి, వెనక సందులోంచి ఇంటి వెనక్కి చేరేది. నూలు అయిపోయింది మరి. అదే నూలు విప్పాలి. అదే మళ్ళీ కొత్త నూలై ఆయన ముందుకు రావాలి.

*

సాయిచంద్ భోజనానికి వచ్చేసరికి అన్నం చల్లారింది. గ్రానైట్ యార్డు తెల్లటి దుమ్ము కనుబొమ్మల మీద అలాగే ఉంది. చేతులు కడుక్కోవడానికి వెనక్కి వచ్చి, స్టూలు చుట్టూ నూలు చూసి అక్కడే నిలబడ్డాడు.

"ఇంకెన్ని దినాలు నవీనా గీ నాటకం?"

"మెల్లగ మాట్లాడు."

"మెల్లగనే అడుగుతున్న. ఇయ్యాల మల్లన్న కాకతోని గూడ అబద్ధమాడిపిస్తున్నరా?"

"చెయ్యి తలకాయ దాటి లేస్తుంది. నువ్వు చూసినవా?" అంది నవీన. "పోయిన నెల దువ్వెన పట్టరాకుంటుండె."

"చూసిన. అందుకే చెప్పేద్దాం అంటున్న. చెయ్యి వచ్చింది, ఇగ దాసుడెందుకు?"

"ఇంక పూర్తిగ రాలే. చెప్తే రాట్నం ముందు మల్ల కూసుంటడా?"

సాయిచంద్ నీళ్ళ చెంబు కింద పెట్టాడు. "కూసోకుంటే కూసోనియ్. మా బాపు సోయి ఉన్న మనిషి. చిన్నపిలగాన్ని ఆడిపిచ్చినట్టు ఆడిపిస్తున్నరు."

గడప మీది నుంచి అనసూర్య తల ఎత్తకుండానే అంది. "ఆడిపిచ్చినం. నువ్వు తాడు కట్టి ఆడిపియ్యలేకపోతివి. ఆ పిల్ల ఆడిపిచ్చింది. అన్నం తిను, పో."

 సాయిచంద్ నిలబడే నాలుగు ముద్దలు తిని వెళ్ళిపోయాడు. మొగుడు వెళ్ళినాక నవీన వీధి తలుపు పైగడియ వేసింది. మధ్యాహ్నం కోతుల గుంపు తిరిగే వేళ. కింది గడియ ఎంత గట్టిగా వేసినా అవి తోసుకొని వస్తాయి. అందుకని తలుపు నెత్తిన ఇనుపగడియ పెట్టించారు. అది బిర్రు. పొడుగుమనిషి కూడా చెయ్యి పూర్తిగా చాపి లాగాలి. వెంకటి బయటికి పోవాలనుకుంటే, "పైగడియ తియ్యి బిడ్డా," అని పిలిచేవాడు.

కొన్నాళ్ళుగా ఆయన అలా పిలవడం లేదని నవీనకు అప్పుడు తట్టలేదు.

*

వెంకటి లేచాడు. మొహం కడుక్కొని, తువ్వాలతో తుడుచుకొని, రాట్నం ముందు గోనెపట్టా మీద కూర్చున్నాడు. నవీన నూలు తెచ్చి పక్కన పెట్టింది.

"కండెలు పోయినయా బిడ్డా?"

"పోయినయ్ మామా. పొద్దున బస్సుకే ఇచ్చిన."

"ఇది కొత్త నూలా?"

"కొత్తదే."

ఆయన చక్రం తిప్పలేదు. నూలు కొస తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి మెల్లగా లాగాడు. చూపు నూలు మీద లేదు. గోడ మీద ఉంది. సంచి వేలాడుతున్న మేకు కింద, వరుసగా, సున్నంతో పూడ్చిన బొక్కలున్నాయి.

"గోడకు మస్తు బొక్కలు పడ్డయి."

"మేకు ఊడొస్తుంది మామా. అందుకే జరిపి కొట్టిన."

"ఊడొచ్చిన మేకు కిందికి జారుతది గని, మీదికి పోతదా?"

ఆ మాటలో కోపం లేదు. నవీన టీ పెడతానని లోపలికి వెళ్ళింది. వంటింట్లో అనసూర్య మొహం చూసింది. అనసూర్య కూడా విన్నది.

"ఏమంటుండే?" అంది పెదవులతోనే.

నవీన తల అడ్డంగా ఊపింది. అంతలో వీధి తలుపు చప్పుడైంది. నవీన పోయి, మునివేళ్ళ మీద లేచి, పైగడియ లాగింది.

మల్లన్న లోపలికి అడుగు పెట్టాడు. పెండ్లికి వేసుకున్న ఖద్దరు చొక్కా, దాని మీద బొట్టు మరక. చేతిలో అరటిపండ్ల సంచి. ఎదురింటి గోడ మీద పెద్ద కోతి ఒకటి కూర్చుని సంచి వైపే చూస్తోంది. ఎదురింటి గోడ మీద పెద్ద కోతి ఒకటి కూర్చుని సంచి వైపే చూస్తోంది.

"వదినె, మీ వాడకట్టుల కోతులు మనుషుల కంటె ఎక్కువున్నయి," అన్నాడు మల్లన్న. "పండ్లు చేతిల ఉన్నయని నా ఎంబడే వచ్చినయి, సోపతిగాళ్ళ తీరు."

"పెండ్లిల తినలేదా, గిన్ని పండ్లు మోసుకొస్తివి?" అంది అనసూర్య. నవ్వబోయింది. నవ్వు సరిగ్గా రాలేదు.

"తిన్న. అందుకే నడుస్తుంటె ఆయాసమైతంది." వెంకటి ముందు చతికిలబడి, కుడిచేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఏ అన్నా, చెయ్యి మంచిగైంది గదనే. పట్టు గట్టిగున్నది. నేనేమో మంచంల పండుకొని ఉంటవనుకున్న."

"పని దొరికింది గద తమ్మి," అన్నాడు వెంకటి. "పండుకుంటె నీ మగ్గం ఆగదా?"

మల్లన్న అనసూర్య వైపు ఒక్కసారి చూశాడు. "అవు మరి. ఆగుతది."

"మంచిగ నడుస్తుందా?"

"నీ దయ వల్ల నడుస్తుందే. రాత్రనక పగలనక టకటక. పక్కింటోళ్ళు కొట్లాటకు వస్తున్నరు."

"ఏం నేస్తున్నవ్?"

"తువ్వాలలే."

"నా కండె నీ మగ్గం నాడెకు సరిగ పడుతుందా?"

"అచ్చం పడుతది." మల్లన్న గొంతు ఇప్పుడు ఊపందుకుంది. నేర్పిన మాటలు దాటి సొంత మాటలు కలుపుతున్నాడు. "మా ఆడోళ్ళు అననే అన్నరు. వెంకటన్న కండె లెక్క ఉండాలె అని."

టీ గ్లాసులు పట్టుకొని నవీన తలుపు దగ్గరే ఆగిపోయింది. చాలు కాకా, ఇంక చాలు అని చెప్పాలనిపించింది.

"ముడులు గుడ్డ మీద తేలుతలేవా?" అన్నాడు వెంకటి.

"నీ ముడి ఎవడు కనిపెడుతడన్నా? గుడ్డల కలిసిపోతది."

వెంకటి తల ఊపాడు. చేతిలోని నూలును కొద్దికొద్దిగా లాగుతూ, ఒకచోట ఆగాడు. ఆ చోటును మల్లన్న అరచేతిలో పెట్టాడు.

"గిది చూడు."

మల్లన్న చూడలేదు. బొటనవేలితో తడిమాడు. నేతగాడు ముడిని కంటితో చూడడు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది. పెండ్లి నుంచి మొహం మీద మిగిలి ఉన్న సంతోషం మెల్లమెల్లగా దిగిపోయింది.

"ఇది మనోళ్ళ ముడి కాదన్నా. ఇంత లావు ఎవడేస్తడు?"

"నేనే ఏసిన," అన్నాడు వెంకటి. "అప్పుడు కుడిచేతి వేళ్ళు పట్టకుంటుండె. ఒక కొస పంటితోని పట్టి, ఎడమచేతితోని ఏసిన. ఏసినప్పుడే సిగ్గైంది. పోనీలే, నేసేది మల్లన్న, ఏమనుకోడులే అనుకున్న."

ఆ ముడిని వేలితో చూపించాడు.

"గీ ముడి నీ మగ్గంల తువ్వాల మీద ఉండాలె తమ్మి. ఎవరో ఆ తువ్వాలతోని మొహం తుడుసుకుంటుండాలె. మల్ల నా రాట్నం మీదికి ఎట్లొచ్చింది?"



"మొన్న గూడ వచ్చింది," అన్నాడు వెంకటి. "అంతకుముందు గూడ వచ్చింది. మొదలు నా వేలే తప్పు చెప్తుందనుకున్న. మల్లొచ్చినంక యాది పెట్టుకున్న. ఎవరన్న చెప్తరేమో అని చూసిన. చెప్పెదాక చుట్టుకుంటనే ఉన్న."

నవీన గ్లాసుల పళ్ళెం కిందపెట్టింది.  విప్పుతున్నప్పుడు వేళ్ళకు తగిలి జారిపోయిన గింజ ఇప్పుడు గుర్తొచ్చింది. ఎన్నిసార్లు తగిలిందో. పత్తిలోనైతే పుల్ల ముక్కను కూడా ఏరి పారేసేది.

"మగ్గం లేదన్నా," అన్నాడు మల్లన్న. తల వంచుకొని, ముడి ఉన్న నూలును అలాగే పట్టుకొని. "మా షెడ్డుల కరెంటు సాంచెలన్ని తుక్కు కిందికి పోయినయి. నేను అపార్ట్‌మెంట్ కాడ వాచ్‌మన్ పనికి పోతున్న. రాత్రి టకటక అన్నది గేటు. వదినె ఫోన్ల గిట్లనుమన్నది. నీ చెయ్యి మంచిగైతదంటె అన్న."

"ఎవరి మంచికి?" అన్నాడు వెంకటి.

"నీ మంచికేనయ్యా," అంది అనసూర్య. చాట పక్కన పెట్టేసింది. ఆమె ఒళ్ళో చాట లేకుండా మాట్లాడటం నవీన ఎప్పుడూ చూడలేదు. "నీ చెయ్యి కట్టెలెక్క వేలాడుతుంటే నేను చూడలేకపోయిన. డాక్టరు చెప్పిన మాట నీకు చెవులకెక్కలేదు. నాకెక్కింది. నాకు రాత్రి పగలు అదే ఫికరైంది. తప్పు నాది. ఆ పిల్లనేమనకు."

"ఎవరినీ ఏమంటలేను." వెంకటి చక్రం మీద కుడిచెయ్యి పెట్టాడు. తిప్పలేదు. ఊరికే పెట్టాడు. "పొద్దున లేవంగనే కండెలు యాదికొస్తుండె. ఈ ఇంట్ల నేను గూడ ఒక పని మీద ఉన్న అనుకుంటుంటి. ఆ పిల్ల సంచి ఏసుకొని బస్టాండుకు పోతుంటె, సిరిసిల్లకు నేనే పోయినట్టుండేది. వంగబెట్టి పిండి రుబ్బిచ్చి, ఆ పిండిని మల్ల నీళ్ళల్ల పారబోసినట్టు చేస్తిరి."

"ఇది కసరత్తు, నీ చేతి కోసం అని చెప్తే చెయ్యకపోదునా?" అన్నాడు మళ్ళీ, నవీన వైపు చూస్తూ.

ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నవీన మామకు ఎదురు మాట చెప్పింది లేదు. ఇప్పుడు కూడా చెప్పాలని లేదు. కాని ఆయన అడుగుతున్నది నిజం. ఇన్నాళ్ళూ ఇవ్వని నిజాన్ని ఈ ఒక్కచోటైనా ఇవ్వకపోతే ఎట్లా అనిపించింది.

"చెప్తే చేస్తుంటిరా మామా?"

గొంతు చిన్నగానే వచ్చింది. గదిలో అందరికీ వినిపించింది.

వెంకటి ఆమె వైపు చాలాసేపు చూశాడు. కళ్ళలో కోపం ఉంటే ఆమె తట్టుకునేది. అక్కడ ఆయన తనలో తానే జవాబు వెతుక్కుంటున్నాడు. బంతి, తాడు, తువ్వాల, గోడ ఎక్కమన్న అమ్మాయి. ఒక్కొక్కటీ తిరగేసి చూసుకుంటున్నట్టే ఉంది. జవాబు దొరికిందో లేదో ఆమెకు తెలియలేదు. 

వెంకటి మల్లన్న చేతిలోంచి నూలు కొసను తీసుకొని, ముడికి అటూ ఇటూ కొద్దిగా ఉంచి, పంటితో కొరికి తెంపాడు. ఆ ముక్కను అరచేతిలో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. తెగిన రెండు కొసలనూ మళ్ళీ దగ్గరికి తెచ్చాడు. రెండు చేతుల వేళ్ళూ కలిశాయి, ఒకదాని కిందికి ఒకటి దూరాయి. చిన్న ముడి పడింది. ఆయన బొటనవేలు దాని మీదుగా ఎక్కడా ఆగకుండా జారిపోయింది.

ఆ నూలును రాట్నం మీద పెట్టి, ఆయన లేచాడు.

"యాడికి పోతవయ్యా?" అంది అనసూర్య.

వెంకటి గోడకున్న తువ్వాల తీసి భుజాన వేసుకున్నాడు. తలుపు దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు. తలెత్తి పైగడియ వైపు చూశాడు.

గడియ తీయడానికి మల్లన్న సగం లేచాడు. అనసూర్య ఆయన మోచెయ్యి పట్టుకొని ఆపింది. ఎందుకు ఆపిందో ఆమెకే తెలియనట్టుంది. నవీన గోడకు ఆనుకొని నిలబడిపోయింది. పిలుస్తాడనుకుంది. పైగడియ తియ్యి బిడ్డా అంటాడనుకుంది. అంటే చాలనుకుంది.

వెంకటి కుడిచెయ్యి ఎత్తి తలుపు చెక్కకు ఆనించాడు. చూపుడువేలు కదిలింది. దాని వెనక నడిమివేలు కదిలింది. ఒక్కొక్క వేలూ చెక్కను పట్టుకుంటూ పైకి పాకింది. మొహం దాటింది, తల దాటింది. చొక్కా భుజం దగ్గర బిగుసుకుంది. ముంజేయి వణికింది. వేళ్ళు ఆగి, ఊపిరి తీసుకున్నట్టు ఆగి, మళ్ళీ కదిలి ఇనుపగడియను అందుకున్నాయి.

గడియ ఒక్క లాగుకు రాలేదు. రెండో లాగుకు వచ్చింది.

సాయంత్రపు ఎండ గదిలోకి పడింది. వెంకటి గడప దాటాడు. వీధి చివర కిరాణాకొట్టు వైపు కాకుండా, బస్టాండుకు పోయే దిక్కుకు మళ్ళాడు. వెనక్కి చూడలేదు.

ఎదురింటి గోడ మీది కోతి దిగి, గడప దాకా వచ్చి, అరటిపండ్ల వైపు చూస్తూ కూర్చుంది. తలుపు వేయడానికి ఎవరూ లేవలేదు.